పాత టైమర్ ఇచ్చిన మాటలు: కెర్నల్‌ని కొత్త బోర్డు మీదికి తెచ్చేటప్పుడు టైమర్ ఎంచుకోవడం

ఆ సాయంత్రం మా ల్యాబ్‌లో, మా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే ప్రధాన భాగం) ఎక్కించిన చిన్న కంప్యూటర్ బోర్డు 6 గంటల 8 నిమిషాలకు ఆగిపోయింది. ఎల్‌ఈడీ వెలగడం లేదు, సీరియల్ తెర మీద కొత్త అక్షరం పడటం లేదు. మామూలుగా అయితే పిల్లలు వెంటనే వైరు పీకి మళ్లీ పెట్టేవాళ్లు. ఆ రోజు పక్క వీధిలో పెళ్లి భోజనం ఉండటంతో అందరం అలాగే వదిలేసి వెళ్లిపోయాం. తిరిగొచ్చేసరికి బోర్డు మళ్లీ చక్కగా నడుస్తోంది. పాతపట్నం నుంచి రోజూ వచ్చే కుర్రాడు ల్యాప్‌టాప్‌లో లాగ్ చూసి, "మాస్టారూ, 7 గంటల 19 నిమిషాలకు దానంతటదే లేచిందండీ. ఎవరూ ముట్టుకోలేదు" అన్నాడు.

కాగితం తీసి లెక్క వేశాం. ఆగినదానికీ లేచినదానికీ మధ్య 71 నిమిషాల 35 సెకన్లు. 32 బిట్ల కౌంటర్ సెకనుకు 10 లక్షల చొప్పున లెక్కపెడుతూ 4,29,49,67,296 చేరి సున్నాకి తిరిగొచ్చేది అంతసేపటికే. అంటే బోర్డు చెడిపోలేదు. మేం పెట్టిన అలారం తప్పిపోయింది, కౌంటర్ ఒక చుట్టు తిరిగొచ్చాక మోగింది. అంతకు ముందు రెండు వారాలుగా, ఆగిన ప్రతిసారీ మేమే రీసెట్ చేసేస్తున్నాం, లేకపోతే కరెంటు పోయి అదే రీసెట్ అవుతోంది. అందుకే ఈ 71 నిమిషాల సంగతి మాకు కనిపించలేదు.

నేను పర్లాకిమిడిలో ఒక పాలిటెక్నిక్‌లో ల్యాబ్ చూసుకుంటాను. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, చిప్ మాన్యువల్ దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఇంగ్లీషే. వ్యవహార భాష కోసం నిలబడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ల్యాబ్‌లో ఒకరికొకరం ఎలా చెప్పుకుంటామో ఇక్కడా అలాగే రాస్తున్నాను.

మా దగ్గరున్న చిన్న కెర్నల్ మొదట క్యూఈఎంయూలో (వేరే మెషీన్‌ని కంప్యూటర్ లోపలే నకలు చేసే ప్రోగ్రామ్) రిస్క్-ఫైవ్ అనే రకం ప్రాసెసర్ ఉన్న మెషీన్ మీద నడిచేది. దాన్ని ల్యాబ్‌లో మూలపడి ఉన్న పాత రాస్ప్‌బెర్రీ పై బోర్డుల మీదికి తెచ్చి, దగ్గర్లోని హైస్కూలుకి పీరియడ్ గంట కొట్టే యంత్రం చేసిద్దామని మొదలుపెట్టాం. రిస్క్-ఫైవ్‌లో టైమర్ పద్ధతి ఇది: ఎంటైమ్ అనే కౌంటర్ విలువ, మీరు ఎంటైమ్‌కంప్‌లో రాసిన విలువకు సమానమైనా, దాటిపోయినా ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇటు చూడమని ప్రాసెసర్‌కి వచ్చే పిలుపు) వస్తుంది. ఆలస్యంగా రాసినా ఫరవాలేదు, వెంటనే వస్తుంది. పాత రాస్ప్‌బెర్రీ పైలోని బీసీఎం2835 సిస్టమ్ టైమర్ అలా కాదు. కౌంటర్ కింది 32 బిట్లు మీరు అలారం విలువ రాసే కంపేర్ రిజిస్టర్‌తో సరిగ్గా సమానమైన ఆ క్షణంలోనే అది గుర్తిస్తుంది. మా కోడ్ కౌంటర్ చదివి, చిన్న వ్యవధి అడిగినచోట దానికి 5 మైక్రోసెకన్లు మాత్రమే కలిపి, కంపేర్‌లో రాసేది. చదవడానికీ రాయడానికీ మధ్య ఒక సీరియల్ ఇంటరప్ట్ దూరితే చాలు, రాసేసరికి ఆ అంకె దాటిపోయి ఉంటుంది. ఇక దాని కోసం ఇంకో చుట్టు ఆగాల్సిందే.

పాత మెషీన్‌లోని టైమర్ మీ కోడ్‌కి పైకి చెప్పకుండా కొన్ని మాటలు ఇచ్చి ఉంటుంది. "దాటినా లేపుతాను" అన్నది ఒక మాట. "నా వేగం మారదు", "నేను చుట్టు తిరగను", "ప్రాసెసర్ కోర్ నిద్రపోయినా నేను ఆగను" లాంటివి మిగతావి. మీరు రాసిన కోడ్ ఆ మాటల మీద నిలబడి ఉంటుంది, ఆ సంగతి మీకే గుర్తుండదు. కొత్త బోర్డు మాన్యువల్ తెరవకముందే, పాత టైమర్ కోడ్ ముందు పెట్టుకుని ఆ మాటలు ఒక్కొక్కటిగా కాగితం మీద రాయండి. కొత్త చిప్‌లో ఆ మాటలు ఎక్కువగా నిలబెట్టే టైమర్ ఏదో చూసి దాన్నే ఎంచుకోండి. నిలబెట్టలేనిచోట మీరు కోడ్‌తో పూరించాలి. పోర్టింగ్‌లో, అంటే కెర్నల్‌ని కొత్త మెషీన్‌కి తేవడంలో, టైమర్ ఎంపిక అంటే నా దృష్టిలో ఇదే.

గడియారం వేరు, అలారం వేరు

కెర్నల్‌కి టైమర్‌తో రెండు పనులున్నాయి. "ఇప్పుడు ఎంతైంది" అని చూసుకోవడం ఒకటి. "ఫలానా టైముకి లేపు" అని చెప్పి పడుకోవడం ఇంకొకటి. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే బండిలో కూర్చున్న మనిషి చేతి గడియారం చూసుకోవడం మొదటిది. "పాతపట్నం దాటగానే లేపండి బాబూ" అని పక్కాయనకు చెప్పి కునుకు తీయడం రెండోది. లినక్స్‌లో మొదటిదాన్ని క్లాక్‌సోర్స్ అనీ, రెండోదాన్ని క్లాక్ ఈవెంట్ అనీ విడివిడిగా ఉంచారు. మీ కెర్నల్ ఎంత చిన్నదైనా ఈ రెండింటికీ వేర్వేరు ఫంక్షన్లు పెట్టండి. రెండూ ఒకే హార్డ్‌వేర్ నుంచి రావాలని లేదు. ఒక బోర్డులో గడియారానికి బాగుండే కౌంటర్‌కు అలారమే ఉండకపోవచ్చు. అలారానికి బాగుండే టైమర్ 16 బిట్లదై గడియారంగా పనికిరాకపోవచ్చు.

మూడో పని కూడా ఒకటుంది, తేదీ, నెల, సంవత్సరం చెప్పడం. అది ఆర్‌టీసీ (కరెంటు లేనప్పుడూ బ్యాటరీతో తేదీ, టైము నడిపే గడియారం) చిప్ పని, దాన్ని దీంట్లో కలపకండి. మా గంట యంత్రానికి డీఎస్3231 అనే ఆర్‌టీసీ పెట్టాం. 0 నుంచి 40 డిగ్రీల మధ్య దాని తేడా 10 లక్షలకు 2 లోపు, అంటే రోజుకు సెకనులో ఐదో వంతు కూడా ఉండదు. బూట్ అయినప్పుడు ఒకసారి దాని దగ్గర టైము చదువుకుంటాం, ఆ తర్వాత కెర్నల్ తన సొంత గడియారంతో నడుస్తుంది.

మాన్యువల్‌లో వెతకాల్సినవి

ముందు వెడల్పు. ఎన్ని బిట్ల కౌంటర్, ఎంత వేగం, ఎంతసేపటికి చుట్టు తిరుగుతుంది. ఈ లెక్క ప్రతి టైమర్‌కీ చేతితో వేయండి. కార్టెక్స్-ఎం అనే చిన్న ఆర్మ్ చిప్‌లలో ఉండే సిస్‌టిక్ టైమర్ 24 బిట్లది. 16 మెగాహెర్ట్జ్ దగ్గర అది ఒక సెకను కంటే కాస్త ఎక్కువసేపు లెక్కపెడుతుంది, 168 మెగాహెర్ట్జ్ దగ్గర పదో వంతు సెకను కూడా పట్టదు. పీసీల్లోని ఏసీపీఐ పీఎం టైమర్ 35,79,545 హెర్ట్జ్‌తో నడుస్తుంది, 24 బిట్లదైతే 4.7 సెకన్లకే మొదటికొస్తుంది. మాకు అలవాటైన రిస్క్-ఫైవ్ కౌంటర్ 64 బిట్లది, క్యూఈఎంయూలో 10 మెగాహెర్ట్జ్ మీద అది 58 వేల ఏళ్ల దాకా తిరగదు. అలాంటి కౌంటర్‌తో పెరిగిన కోడ్‌లో చుట్టు తిరగడం గురించి ఆలోచనే ఉండదు.

చుట్టు తిరిగే కౌంటర్‌ని వాడక తప్పనప్పుడు "ఇప్పటి విలువ డెడ్‌లైన్ (అలారం మోగాల్సిన విలువ) కంటే పెద్దదా" అని పోల్చకండి. డెడ్‌లైన్‌లోంచి ఇప్పటి విలువ తీసివేసి, వచ్చినదాన్ని గుర్తున్న సంఖ్యగా, అంటే మైనస్ కూడా రాగల 32 బిట్ల సంఖ్యగా చూడండి. సున్నా గానీ మైనస్ గానీ వస్తే టైము అయిపోయినట్టు. ఇది మధ్యలో కౌంటర్ తిరిగినా సరిగ్గానే పనిచేస్తుంది, వ్యవధి సగం చుట్టు లోపు ఉన్నంత వరకు. 64 బిట్ల కౌంటర్‌ని 32 బిట్ల రిజిస్టర్లు రెండుగా చదవాల్సి వస్తే పై సగం, కింది సగం, మళ్లీ పై సగం చదవండి. రెండుసార్లూ పై సగం ఒకటే అయితే సరే, కాకపోతే మొదటినుంచి.

తర్వాత చూడాల్సింది సమానమా, దాటినా సరేనా. దీన్ని మాన్యువల్ ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తుంది, ఆ వాక్యం కింద గీత గీయండి. రిస్క్-ఫైవ్ టైమర్, 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లలోని జెనరిక్ టైమర్ రెండూ దాటినా లేపే రకం. బీసీఎం2835 సిస్టమ్ టైమర్, పీసీల్లో హెచ్‌పీఈటీ అనే టైమర్ సమానమైతేనే లేపే రకం. సమానమైతేనే లేపే టైమర్‌తో ఇలా చేయాలి: కంపేర్‌లో రాశాక కౌంటర్‌ని మళ్లీ చదవండి. అప్పటికే డెడ్‌లైన్ దాటిపోయి ఉంటే ఇంటరప్ట్ కోసం చూడకుండా, వచ్చినట్టే లెక్కవేసి హ్యాండ్లర్ (ఇంటరప్ట్ వస్తే నడిచే కోడ్) పని మీరే చేసేయండి. మరీ చిన్న వ్యవధులు అడగనివ్వకుండా ఒక కనీస హద్దు కూడా పెట్టండి. మేం 20 మైక్రోసెకన్లు పెట్టాం. ఈ రెండు మార్పులు చేశాక ఆ 71 నిమిషాల నిద్ర మళ్లీ రాలేదు.

వేగం ఎక్కడి నుంచి వస్తోందన్నది మూడోది. అదే బీసీఎం2835లో సిస్టమ్ టైమర్ కాకుండా ఆర్మ్ టైమర్ అని ఇంకొకటి ఉంది. పీరియాడిక్‌గా తనంతట తను రీలోడ్ అవుతుంది, వాడుకోవడం సులువు. కానీ అది సిస్టమ్ క్లాక్ మీద నడుస్తుంది. పవర్ తగ్గించే స్థితికి వెళ్లినప్పుడు ఆ క్లాక్ మారవచ్చని, ఖచ్చితమైన టైము కావాలంటే సిస్టమ్ టైమర్ వాడమని డేటాషీట్‌లోనే ఉంది. ఎస్‌టీఎం32 అనే కార్టెక్స్-ఎం చిప్‌లలో ఇంకో మెలిక ఉంది. ఏపీబీ బస్ (టైమర్ల వంటి భాగాలను కలిపే దారి) ప్రీస్కేలర్, అంటే దాని క్లాక్‌ని భాగించే అంకె, 1 కాకపోతే టైమర్లకు వెళ్లే క్లాక్ బస్ వేగానికి రెట్టింపు. వాటిలో ఎఫ్407 చిప్‌ని 168 మెగాహెర్ట్జ్‌తో నడిపి ఏపీబీ1ని 42కి తెస్తే, దాని మీది టైమర్లు 84తో నడుస్తాయి. మీ సెకను అర సెకను అవుతోందంటే ముందు అక్కడ చూడండి.

ఆర్మ్ జెనరిక్ టైమర్‌కి వేగం చెప్పే రిజిస్టర్ సీఎన్‌టీఎఫ్‌ఆర్‌క్యూ. దాని గురించి ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. అది హార్డ్‌వేర్ కొలిచి చెప్పే విలువ కాదు, ఫర్మ్‌వేర్ (కెర్నల్ కంటే ముందు నడిచే బోర్డు కోడ్) రాసిపెట్టే విలువ. ఫర్మ్‌వేర్ రాయడం మరిచిపోతే సున్నానో, ఇంకేదో పనికిరాని అంకెనో ఉంటుంది, తప్పు రాస్తే తప్పే ఉంటుంది. ప్రతి కోర్‌కీ విడిగా రాయాలి కాబట్టి మొదటి కోర్‌లో సరిగ్గా ఉండి రెండోదాంట్లో లేకపోవచ్చు. అందుకే చదివినదాన్ని బూట్‌లో ప్రింట్ చేయండి. అయినా సరే, ఆ విలువను చదవకుండా కోడ్‌లో అంకె రాసేయడం ఇంకా పెద్ద తప్పు. మా అమ్మాయి ఒకతె క్యూఈఎంయూలో 62.5 మెగాహెర్ట్జ్ చూసి అదే అంకె రాసేసింది. రాస్ప్‌బెర్రీ పై 3లో ఆ కౌంటర్ 19.2 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. ఒక సెకను నిద్ర మూడుంపావు సెకన్లయింది. పై 4లో అదే కౌంటర్ 54 మెగాహెర్ట్జ్. రిస్క్-ఫైవ్‌లో ఈ విలువ డివైస్ ట్రీలో (బోర్డులో ఏమేం ఉన్నాయో కెర్నల్‌కి చెప్పే పట్టిక) టైమ్‌బేస్-ఫ్రీక్వెన్సీ అన్న పేరుతో ఉంటుంది, అక్కడి నుంచే తీసుకోండి.

ఇక మిగిలిన రెండు ప్రశ్నలు త్వరగా చెబుతాను. ఈ టైమర్‌ని ఇంకెవరైనా వాడుతున్నారా? బీసీఎం2835 సిస్టమ్ టైమర్‌లో నాలుగు కంపేర్ చానళ్లున్నా 0, 2 గ్రాఫిక్స్ చూసే జీపీయూ వాడుకుంటుంది, మనకు మిగిలేవి 1, 3. కోర్ గాఢనిద్రలోకి వెళితే టైమర్ ఆగుతుందా? పాత ఇంటెల్ ప్రాసెసర్లలో కోర్‌కి ఒకటిగా ఉండే లోకల్ ఏపీఐసీ టైమర్ సీ3 అనే నిద్రస్థాయిలో, అంతకన్నా లోతైన నిద్రలో ఆగిపోతుంది. అలారం పెట్టి పడుకుంటే అలారం కూడా పడుకుంటుందన్నమాట. అలాంటిచోట కోర్ బయట ఉన్న ఒక టైమర్‌ని కాపలా ఉంచాలి, లేదా మొదటి రోజుల్లో గాఢనిద్ర వాడకుండా ఉండాలి. మా లాంటి చిన్న కెర్నల్‌కి రెండోదే మంచిది.

ఏ మెషీన్‌లో ఏది

64 బిట్ల ఆర్మ్ అయితే ఇంకేమీ వెతక్కండి. జెనరిక్ టైమర్ తీసుకోండి, అందులోనూ వర్చువల్ టైమర్ తీసుకోండి. ప్రతి కోర్‌కీ ఒకటి ఉంటుంది, కౌంటర్ అందరికీ ఒకటే. వర్చువల్ మెషీన్‌లో గెస్ట్‌గా నడిపినా అదే కోడ్ పనిచేస్తుంది. జీఐసీ (ఇంటరప్ట్‌లను కోర్లకు పంచే ఆర్మ్ ఇంటరప్ట్ కంట్రోలర్) ఉన్న బోర్డుల్లో దాని ఇంటరప్ట్ సంఖ్య సాధారణంగా 27, అయినా డివైస్ ట్రీ చూసి తీసుకోండి. రాస్ప్‌బెర్రీ పై 3లో జీఐసీ లేదు, కోర్ల పక్కనే ఉండే వేరే లోకల్ ఇంటరప్ట్ కంట్రోలర్ ఉంది. పై 4కి మారినప్పుడు టైమర్ కోడ్ అలాగే ఉంటుంది, ఇంటరప్ట్ కోడ్ మారుతుంది. కొన్ని చిప్‌లలో ఈ కౌంటర్ చదివినప్పుడు అప్పుడప్పుడు తప్పు అంకె వస్తుంది. ఆల్‌విన్నర్ ఏ64 కోసం లినక్స్‌లో ప్రత్యేకంగా మరమ్మతు కోడ్ ఉంది. మీ చిప్ పేరుతో లినక్స్ కెర్నల్‌లో ఒకసారి వెతికి చూడండి.

రిస్క్-ఫైవ్‌లో మీ కెర్నల్ సూపర్‌వైజర్ మోడ్‌లో (కెర్నల్‌కి మామూలుగా ఇచ్చే అధికార స్థాయి) ఉంటే ఎస్‌బీఐ పిలుపుతో, అంటే కింది ఫర్మ్‌వేర్‌ని అడిగి, టైమర్ పెట్టండి. చిప్‌లో ఎస్‌ఎస్‌టీసీ అనే అదనపు సౌకర్యం ఉంటే ఆ పిలుపు లేకుండా నేరుగా రాయొచ్చు.

పీసీ అయితే పాత వస్తువులు ఎక్కువ. పీఐటీ అనే పాత టైమర్ 11,93,182 హెర్ట్జ్‌తో నడుస్తుంది, కౌంటర్ 16 బిట్లదే, 55 మిల్లీసెకన్లకు మించి పెట్టలేం. ఈ వింత అంకె 14.31818 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ (క్లాక్‌కి లయ ఇచ్చే చిన్న భాగం) వేగాన్ని 12తో భాగిస్తే వచ్చింది. అలారంగా లోకల్ ఏపీఐసీ టైమర్ వాడండి. దాని వేగం ముందుగా తెలియదు కాబట్టి పీఐటీతోనో హెచ్‌పీఈటీతోనో పోల్చి కొలవాలి. గడియారంగా టీఎస్‌సీ (ప్రాసెసర్ లోపలి కౌంటర్) వాడండి, అయితే అది ఇన్‌వేరియంట్, అంటే వేగం మారనిది, అని సీపీయూఐడీ (ప్రాసెసర్ తన వివరాలు చెప్పే ఆదేశం) చెబితేనే.

మూడు నిమిషాలు ఎక్కడ పోయాయి

గంట యంత్రం బడిలో పెట్టాక వారం తిరక్కుండానే హెడ్‌మాస్టర్ గారి దగ్గరి నుంచి ఫోన్. గంట రోజుకు మూడు నిమిషాలు వెనకబడుతోంది. మా పిల్లలందరూ క్రిస్టల్ మంచిది కాదని తేల్చేశారు. నేను వాళ్లను కూర్చోబెట్టి లెక్క చేయించాను. రోజుకు 86,400 సెకన్లు. మామూలు క్రిస్టల్ తేడా 10 లక్షలకు 20 అనుకుంటే రోజుకు 1.7 సెకన్లు. 100 అనుకున్నా 8.6 సెకన్లు. మూడు నిమిషాలంటే దాదాపు 10 లక్షలకు 2,000. క్రిస్టల్ అంత తప్పదు. అయితే తప్పు కోడ్‌లో ఉంది.

అక్కడే దొరికింది. మా హ్యాండ్లర్ ప్రతి టిక్‌లోనూ (క్రమం తప్పకుండా వచ్చే టైమర్ ఇంటరప్ట్) కౌంటర్ని చదివి, దానికి 10 మిల్లీసెకన్లు కలిపి తర్వాతి అలారం పెట్టేది. ఇంటరప్ట్ వచ్చాక హ్యాండ్లర్ ఆ లైనుకి చేరేసరికి సుమారు 20 మైక్రోసెకన్లు గడిచిపోతాయి. సెకనుకు 100 టిక్‌లు, అంటే సెకనుకు 2 మిల్లీసెకన్లు, రోజుకు 172.8 సెకన్లు. సరిచేయడం ఒక్క లైను పని: తర్వాతి డెడ్‌లైన్‌ని ఇప్పటి విలువకు కాదు, పోయిన డెడ్‌లైన్‌కి కలపాలి. ఆలస్యం ఒక టిక్‌లో ఉంటే ఉండనీ, తర్వాతిదానికి అంటుకోదు. ఇంకా మంచిది, టిక్‌లు లెక్కపెట్టి టైము చెప్పడం పూర్తిగా మానేయడం. గడియారం కౌంటర్‌ని నేరుగా చదివి చెప్పాలి, టిక్ షెడ్యూలర్‌ని (ఏ పని ఎప్పుడు నడవాలో చూసే భాగం) కదపడానికి మాత్రమే. ఇప్పుడు మా కెర్నల్‌లో అలాగే ఉంది.

సెకనుకి ఎన్ని టిక్‌లన్న ప్రశ్న పిల్లలు ఎక్కువగా అడుగుతారు. 100తో మొదలుపెట్టండి. బోధన కోసం రాసిన ఎక్స్‌వీ6 అనే కెర్నల్ సుమారు పదితోనే నడుస్తుంది. 1000 పెట్టాలంటే ఎందుకో చెప్పగలగాలి.

బోర్డు మీద పని చేసే క్రమం

మొదట ఇంటరప్ట్‌లు ముట్టుకోకండి. కౌంటర్‌ని లూప్‌లో చదివి, మీ లెక్క ప్రకారం సెకను గడిచినప్పుడల్లా ఒక చుక్క ప్రింట్ చేయండి. చేతి గడియారం పెట్టుకుని పది నిమిషాలు చూడండి. 600 చుక్కలు రావాలి. ఒక నిమిషం చాలదు, చేతితో మొదలుపెట్టి ఆపడంలోనే అర సెకను పోతుంది, పది నిమిషాల మీద ఆ అర సెకను కలిసిపోతుంది. బోర్డులోని ఒక టైమర్‌ని ఇంకో టైమర్‌తో పోల్చి సరిపోయిందనుకోకండి. రెండూ ఒకే క్రిస్టల్ నుంచి వస్తుంటే రెండూ ఒకేలా తప్పుతాయి.

చుక్కలు సరిపోయాక ఒకే ఒక్క అలారం పెట్టి ఇంటరప్ట్ ఒకసారి వచ్చేలా చూడండి. ఆ తర్వాతే పదే పదే వచ్చేది. జెనరిక్ టైమర్ ఇంటరప్ట్ లెవెల్ రకం. ఇంటరప్ట్ కంట్రోలర్‌కి "అందింది" అని చెప్పి ఊరుకుంటే చాలదు. డెడ్‌లైన్ ముందుకు జరిపేదాకా, లేదా టైమర్‌ని ఆపేదాకా లైను అలాగే లేచి ఉంటుంది. హ్యాండ్లర్ నుంచి బయటికి రాగానే మళ్లీ లోపలికే వెళతారు. తెర బిగుసుకుపోయి, కోర్ వేడెక్కుతుంటే ఇదే అయి ఉంటుంది. ముందు డెడ్‌లైన్ జరపండి, తర్వాత కంట్రోలర్‌కి చెప్పండి. రిస్క్-ఫైవ్‌లోనూ అంతే, కొత్త డెడ్‌లైన్ రాయడమే పాత ఇంటరప్ట్‌ని దించుతుంది.

రెండో కోర్‌ని లేపేది ఇవన్నీ అయ్యాకే. ప్రతి కోర్ తన టైమర్‌ని, తన ఇంటరప్ట్ ఎనేబుల్‌ని తనే పెట్టుకోవాలి. మొదటి కోర్ మిగతావాటి తరఫున చేయలేదు.

చుట్టు తిరిగే పరీక్ష కోసం 71 నిమిషాలు కాచుకోనక్కర్లేదు. లినక్స్‌లో టిక్‌లు లెక్కపెట్టే 32 బిట్ల జిఫీస్ కౌంటర్ సున్నాతో మొదలవదు, బూట్ అయిన 5 నిమిషాలకే చుట్టు తిరిగేలా మొదలవుతుంది. తప్పు ఉంటే డెవలపర్ ముందే బయటపడాలని అలా పెట్టారు. మీరూ కౌంటర్ చదివే ఫంక్షన్‌లో ఒక పెద్ద అంకె కలిపి, రెండు నిమిషాల్లో చుట్టు తిరిగేలా చేయండి. కంపేర్‌లో రాసేముందు ఆ అంకె తీసేయడం మరవకండి. ఆ రెండు నిమిషాల దగ్గర ఎల్‌ఈడీ వెలగడం తప్పిందా అని దగ్గరే కూర్చుని చూడండి. తర్వాత బోర్డుని ఇన్వర్టర్ మీద పెట్టి ఒక రాత్రంతా వదలండి, మధ్యలో కరెంటు పోయి రీసెట్ అయితే ఆ పరీక్ష లెక్కలోకి రాదు.

ప్రతి బోర్డు టైమర్ ఫైలు మొదట్లో మేం ఇప్పుడు కొన్ని లైన్లు రాస్తున్నాం. గంట యంత్రానిది ఇలా ఉంది: "గడియారం, అలారం రెండూ సిస్టమ్ టైమర్. వేగం 10 లక్షల హెర్ట్జ్, డేటాషీట్ ప్రకారం, చేతి గడియారంతో పది నిమిషాలు సరిచూశాం. కౌంటర్ 64 బిట్లు, కంపేర్ 32 బిట్లే. సమానమైతేనే లేపుతుంది, రాశాక తప్పక మళ్లీ చదవాలి. చానల్ 1 మనది. 0, 2 ముట్టుకోవద్దు. డెడ్‌లైన్‌కి డెడ్‌లైన్ కలపాలి." కింద పరీక్ష చేసిన తేదీ, చేసినవాళ్ల పొడి అక్షరాలు.